గీత పడుకున్నాక

టీవీ సీరియళ్లకు ఆసుపత్రి సామాను అద్దెకివ్వడం నా పని. మంచాలు, సెలైన్ స్టాండ్లు, గుండె గీత చూపించే తెర, షాక్ మిషన్. అన్నీ ఆసుపత్రులు తీసి పారేసినవే. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాకు అన్నయ్య ఇంట్లో వదినే ముద్ద పెట్టింది. ఆ తర్వాత పదకొండేళ్లు అత్యవసర వార్డులో స్ట్రెచర్ తోశాను. డాక్టర్ల నోట వినీ వినీ కొంత ఒంటబట్టింది.

తెర మీద గీత పడుకున్నాక షాక్ ఇవ్వరు. గుండె గాడి తప్పి గిలగిలలాడుతుంటే షాక్‌తో గాడిలో పెడతారు. పూర్తిగా ఆగిపోయిన గుండెకైతే ఛాతీ నొక్కుతారు, మందు ఎక్కిస్తారు. ఆ పైన చేసేదేం లేదు.

కిందటేడు ఒక సెట్లో హీరోను చంపారు. గీత పడుకుంది. షాక్ కొట్టారు, లేవలేదు. పెళ్లాం పరుగున వచ్చి చెవిలో పేరు పెట్టి పిలిచింది. మళ్లీ షాక్ కొట్టారు, గీత లేచింది. ఇది జరిగే పని కాదని రచయితకు చెప్పాను. నా కొడుకు వయసువాడు, నా భుజం తట్టాడు.

"సైన్సు ఎవడడిగాడన్నా? లోపలున్న అర్థం చూడు. పిలిచే మనిషిలో ప్రేముంటే చావైనా వెనక్కి తగ్గుతుందని చెప్తున్నాం."

అంత పెద్ద అర్థం ముందు నా స్ట్రెచర్ చదువేపాటిది? నోరు మూసుకుని, వాళ్లు సైగ చేసినప్పుడు మీట తిప్పి గీత లేపాను. ఆ భాగం వదిన మూడుసార్లు చూసింది. నీ మిషన్ మహిమ గలదయ్యా అని నన్ను ఆటపట్టించింది కూడా.

నాలుగు నెలలు తిరక్కుండానే అన్నయ్య వర్క్‌షాపులో లేత్ మిషన్ ముందే కూలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం. ఆసుపత్రిలో ముప్పావుగంట ఛాతీ నొక్కారు. గీత లేవలేదు. ఇక ఆపుతామని డాక్టరు చెబితే తలూపాను. వదిన మంచం చుట్టూ ఉన్న పరదా పక్కకు లాగి లోపలికెళ్లింది. ఆమె ఏడుపు విన్నానుగానీ మాటలు చెవిన పడలేదు.

చుట్టాలు వెళ్లిపోయాక ఆమె తిండి మానేసింది. గ్లాసుడు మజ్జిగ కూడా సగం తాగి పెట్టేసేది. మనిషి పుల్లయింది. ఇలాగే ఉంటే నెల దాటదని డాక్టరు నాతో విడిగా అన్నాడు. షాక్ ఇప్పించలేదని నా మీద కోపం కాబోలనుకున్నాను. కాగితం మీద గీతలు గీసి, అన్నయ్యకు షాక్ ఎందుకు పనికిరాదో గంటసేపు చెప్పాను. ఓపిగ్గా వింది.

"నీ గీతలు నాకెందుకయ్యా? సీరియల్లో ఆ పిల్ల మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది, లేచాడు. నేను ఏమండీ, ఏమండీ అనే అన్నాను. ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ ఆయన పేరు పలకలేదు. ఆ పూటైనా నోరు పెగల్లేదు."

అది కట్టుకథ వదినా, మీట తిప్పింది నేనే అన్నాను.

"నువ్వు తిప్పావు సరే. అంత చదువుకున్నవాళ్లు ఊరికే రాస్తారా?"

నా సంచిలో ఉన్న నిజమంతా అక్కడితో ఖాళీ అయింది. ఇక ఆ సీరియల్ వాళ్ల సరుకే అమ్మాల్సొచ్చింది.

"షాక్ పెడతామన్నారు వదినా. నేనే వద్దన్నాను. షాక్ లేకుండా నువ్వు ఏ పేరుతో పిలిచినా లేవడు."

వదిన నా మొహంలోకి చూసింది.

"ఎందుకొద్దన్నావు?"

"బతికినా మంచాన పడతాడని. చాకిరీ ఎవరు చేస్తారని."

"నేను చచ్చానా చేయడానికి?"

లేచి నిలబడింది. అన్ని రోజుల తర్వాత ఆమె కాళ్లు గట్టిగా నేలమీద ఆనడం అప్పుడే చూశాను. గుమ్మం చూపించింది. వచ్చేశాను. గంటసేపు చెప్పిన నిజం తలకెక్కలేదు, రెండు ముక్కల అబద్ధం ఇట్టే ఎక్కింది.

అన్నను చంపినవాడిగా బంధువులందరికీ నేనిప్పుడు తెలుసు. చావుకీ పెళ్లికీ పిలుపు లేదు.

మొన్న బజారులో వదిన ఎదురైంది. కాస్త ఒళ్లు చేసింది. నన్ను చూడగానే తుపుక్కున ఉమ్మి, రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోయింది. చేతి సంచీలో వంకాయలు, పాల ప్యాకెట్టు, అరడజను అరటిపళ్లు ఉన్నాయి.