పుల్లన్న అడిగిన మాట

హిందూపురంలో మాధవీలతను చాలామంది ఫిజిక్స్ మేడమ్‌గానే ఎరుగుదురు. ఏళ్ల తరబడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఒకనాడు బోర్డు ముందు నిలబడి ఉండగా ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. చాక్‌పీస్ చేతిలోనే ఉంది, మాట మాత్రం గొంతు దాటి రాలేదు. ఆ తర్వాత క్లాసు గది గుమ్మం చూస్తేనే గుండె దడ పట్టుకునేది. బెంగళూరులో పెద్ద డాక్టర్లకు చూపిస్తే గుండె బాగుందన్నారు, ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. అన్నీ బాగున్న మనిషి స్టాఫ్ రూములో ఓ మూల కూర్చుని ఏడ్చేది.

అప్పుడు ఎవరో చెబితే పెనుకొండలో పుల్లన్న దగ్గరికి పోయింది. పుల్లన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. నిశ్చల ధ్యాన సమాజాన్ని పెద్దయ్య అనే ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఆయన పక్కన చాప మీద కూర్చుని నేర్చుకున్నవాడు. మాధవీలతకు ఆయన మంత్రం ఇవ్వలేదు, ఉపన్యాసం చెప్పలేదు. "ఊపిరి రాకపోతే రాకపోనీమ్మా. అదెట్ల రాదో చూస్తా కూర్చో" అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. కోపంతోనే మళ్లీ పోయింది. ఆ వేసవి గడిచి కాలేజీ తెరిచేసరికి క్లాసులో నిలబడి పాఠం చెప్పగలిగింది. అదెలా జరిగిందో తనకు తెలిసిన ఏ సూత్రంతోనూ ఆమె చెప్పలేకపోయింది.

ఆ కృతజ్ఞతతోనే ఇంటి మేడ మీద హాలును ధ్యాన కేంద్రం చేసింది. ఆదివారం ఉదయాల్లో చుట్టుపక్కల వాళ్లు వచ్చి కూర్చునేవారు. ఆమె భర్త బసవరాజుకు మోటారు రీవైండింగ్ షాపు ఉంది. ఆయన ఒక్కనాడూ కళ్లు మూసుకుని కూర్చోలేదు గానీ చెప్పులు పెట్టుకోడానికి మెట్ల కింద అల్మారా చేయించి ఇచ్చాడు.

పెద్దయ్య పోయాక ఆయన కొడుకు పీఠమెక్కాడు. అందరూ చిన్న గురువుగారు అనడం మొదలుపెట్టారు. పెనుకొండ అవతల కొండవాలులో కొత్త ఆశ్రమం లేచింది. ఏప్రిల్‌లో పెద్దయ్య ఆరాధన ఉత్సవాలని సమాజం కార్యదర్శి నాగేంద్ర ఫోన్ చేసి, గురువుగారి నివాసం ఏర్పాట్లు చూసే పని మాధవీలతకు అప్పగించాడు. అది అందరికీ దక్కే సేవ కాదు. ఆమె పొంగిపోయింది.

నివాసంలో మొదటిరోజే ఆ పొంగు కొంచెం తగ్గింది. రెండంతస్తుల ఇంటికి లిఫ్ట్ ఉంది. పడకగదిలో మంచం ఏదో దేశం నుంచి ఓడలో వచ్చిందట. తాగే నీళ్లు గాజు సీసాల్లో, అవీ బయటి దేశానివే. గురువుగారి భార్యను అందరూ అమ్మగారంటారు; ఆమె కుక్కకు ఏసీ గది. అన్నిటికంటే ఆమెకు విచిత్రంగా తోచింది స్నానాల గది. అక్కడ పాలరాయి కింద నేలను వెచ్చగా ఉంచే మిషన్ బిగించారు. పెనుకొండ ఎండకు బయట నేల మీద కాలు పెడితే బొబ్బలు లేస్తున్నాయి. ఆ మిషన్ ఎందుకని అడిగితే ఎలక్ట్రీషియన్ నవ్వి, "డిజైన్‌లో ఉండాది మేడమ్, పెట్టినాం" అన్నాడు.

కింద మైదానంలో షామియానాలు వేశారు. మడకశిర నుంచి, సోమందేపల్లి నుంచి, కొత్తచెరువు నుంచి జనం బస్సుల్లో వచ్చి దిగుతున్నారు. నీళ్ల ట్యాంకరు చెప్పిన వేళకు రాలేదు. తల్లులు పిల్లల ముఖాలు తడి కొంగుతో తుడుస్తున్నారు. నివాసం బాల్కనీ నుంచి అదంతా కనిపిస్తోంది. మాధవీలత వెనక చల్లటి గాలి, ముందు వడగాలి.

ఉండబట్టలేక నాగేంద్రను అడిగింది. "ఇదంతా అవసరమా సార్?"

"గురువుగారి లోపల తిరిగే శక్తి మామూలుది కాదు మేడమ్. దానికి తగిన చోటు ఉండల్ల" అన్నాడతను ఓపిగ్గా. "మనం ఆయనకిచ్చేది మనకిచ్చుకున్నట్లే."

ఆ మాట తనే ఎన్నోసార్లు కేంద్రంలో అంది. ఇవాళ ఇంకొకరి నోట వింటుంటే చెవికి గుచ్చుకుంది. సుఖంగా ఉండడం తప్పేం కాదు కదా అని తనకు తాను చెప్పుకుని పూలు సర్దడంలో పడింది.

మరునాడు మధ్యాహ్నం గేటు దగ్గర పుల్లన్న నిలబడి ఉన్నాడని కబురొచ్చింది. ఆయన ఇప్పుడు ధర్మవరంలో కూతురు మంజుల ఇంట్లో ఉంటున్నాడు. మాధవీలత పరుగున వెళ్లి చూసి నిలబడిపోయింది. మనిషి చిక్కిపోయాడు. కుడిచేయి ఆగకుండా వణుకుతోంది. తల కూడా సన్నగా ఊగుతోంది.

"నరాల జబ్బంటమ్మా. మాత్రలిచ్చినారు. వణుకు నిలబడేది కాదంట" అన్నాడు. "గురువును ఒక మాట అడగల్లని వచ్చినా. గేటుకాడ నా పేరు లేదంటాండారు."

"ఏం మాటన్నా?"

"మన సమాజం పేరే నిశ్చలం గదా. ఒళ్లు ఊగుతాంటే నిశ్చలంగా ఎట్ల కూర్చునేది? పెద్దయ్య ఉంటే పెద్దయ్యనే అడిగుందును. ఆయన లేడు. కొడుకునన్నా అడగల్ల గదా."

నాగేంద్రను అడిగితే సాయంత్రం చూద్దామంటాడని, ఆ సాయంత్రం రాదని ఆమెకు తెలుసు. వంటింటి వైపు తలుపు గుండా పుల్లన్నను లోపలికి తీసుకుపోయింది. హాల్లో ధర్మవరం పట్టుచీరల వ్యాపారి అమ్మగారి ముందు చీరలు పరిచి కూర్చున్నాడు. వాళ్లను దాటి, లిఫ్ట్ ఎక్కనంటే మెట్లెక్కించి, పైగదికి చేర్చింది.

చిన్న గురువుగారు కిటికీ దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. జరీ శాలువా కుర్చీ మీద పడి ఉంది. ఆయన పుల్లన్నను చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టగానే ఆయన ముఖంలో గురువుతనం పోయి ఇంకెవరో వచ్చినట్టు మాధవీలతకు తోచింది.

"కూర్చో పుల్లన్నా" అన్నాడు. స్టేజీ మీద పుస్తకంలా మాట్లాడే మనిషి గొంతులో పెనుకొండ యాస వినిపించింది.

పుల్లన్న ఆ మెత్తటి సోఫా అంచున కూర్చుని తన మాట అడిగాడు. దాచుకోడానికి ఏమీ లేనట్టు వణికే చేతిని చూపిస్తూ అడిగాడు. 

"నేనేం చెప్పేది పుల్లన్నా" అన్నాడు గురువుగారు. "నాయన పోయినప్పటి నుంచి నేను కూర్చోలేకపోతాండా. కండ్లు మూసుకుంటే ఏమీ లేదు. ఉత్త చీకటి. గుండె దడ పుడతాది. లేచి తిరుగుతాంటా."

 ఆ దడ మాధవీలతకు తెలుసు.

"ఎవురికన్నా చెప్పినావా?" అన్నాడు పుల్లన్న. మర్యాద మాట జారిపోయింది. ఆ సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు.

"ఎవురికి చెప్పేది?" అని ఆయన కిటికీలోంచి షామియానాల వైపు చూశాడు.

"అయితే నాతో ధర్మవరానికి రా. నాలుగు దినాలుండు. ఇద్దరం కూర్చుందాం. నేను ఊగుతా ఉంటా, నువ్వు దడతో ఉందువు. చూద్దాం ఏమవుతాదో."

గురువుగారి పెదవుల మీదికి నవ్వొచ్చింది. ఒక్క క్షణం వస్తానంటాడేమో అనిపించింది కూడా. అంతలో తలుపు తెరుచుకుని నాగేంద్ర లోపలికొచ్చాడు. స్టేజీకి వేళైందన్నాడు. గురువుగారు శాలువా తీసి భుజాల మీద వేసుకున్నాడు. వెళుతూ వెళుతూ పుల్లన్న చేతిలో ప్రసాదం డబ్బా పెట్టి, "ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. అది స్టేజీ గొంతు.

ఆ సాయంత్రం ఆయన అద్భుతంగా మాట్లాడాడు. "నాతో పాటు మీరూ లోపలికి రండి, అక్కడ నేను మీ కోసం కూర్చుని ఉన్నాను" అన్నాడు. మైదానమంతా కళ్లు మూసుకుంది. మాధవీలత మూసుకోలేకపోయింది. పక్కన మడకశిర వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి తిప్పమ్మ కూర్చుని ఉంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. ముఖం తేటగా ఉంది. గంట కొట్టాక కళ్లు తెరిచి, "ఎంత సల్లగా ఉండాదమ్మా పానం" అంది. ఆ చల్లదనం ఎక్కడి నుంచి వచ్చింది? ఇచ్చేవాడి దగ్గరే లేనిది ఈమెకెలా అందింది? తనకందింది మాత్రం ఎవరిది? మాధవీలత తలూపింది.

మరునాడు పొద్దున పుల్లన్నను ఒంటరిగా పంపబుద్ధి కాక ఆమె కూడా ధర్మవరం బస్సెక్కింది. 

"స్టేజీ మీద చెప్పిందంతా అబద్ధమే కదన్నా" అంది ఆమె.

"నాతో చెప్పింది నిజమే గదా" అన్నాడు. మళ్లీ కాసేపటికి, "రెండంతస్తులకు లిఫ్టు యాలమ్మా?" అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఇద్దరూ కిటికీలోంచి బీడు చేలను చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి భర్తతో అంతా చెప్పింది. చూశావా నేననలేదా అని ఆయన దెప్పుతాడనుకుంది. బసవరాజు చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు.

"మోటారుకు లోపల వైండింగ్ కాలిపోతే పైన ఎంత రంగు కొట్టినా తిరగదు. అది నాకు తెలుసు" అన్నాడు. "గానీ పాపం, ఆయన మోటారు కాదు గదా, మనిషి. ఆ ఇంట్లో ఎట్ల నిద్రపోతాడో."

వారం తిరక్కుండానే నాగేంద్ర ఫోన్ చేశాడు. ఆమె సేవ గురువుగారికి నచ్చిందట. జిల్లా బాధ్యత ఆమెకే ఇస్తారట. ఉత్సవాల్లో ముందు వరుసలో కుర్చీ, నివాసంలోనే ఒక గది. వింటూ ఉంటే ఆ చల్లటి గది, ఆ పూల వాసన గుర్తొచ్చి మనసు అటు లాగింది. లాగిందని తెలిసి సిగ్గుపడింది. తన వల్ల కాదని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆదివారం మేడ మీద అందరూ చేరారు. కూర్చునే ముందు 'గురువు నిశ్చలత నాలో నిండుగాక' అని చెప్పుకోవడం ఆనవాయితీ. తాను ఇకనుంచి ఆ మాట అనలేనని, కూర్చోవాలనుకునే వాళ్లు ఎప్పటిలాగే రావచ్చని మాధవీలత చెప్పింది. హేమావతి లేచింది. ఆమె ప్రైమరీ స్కూలు టీచరు, మొదటి నుంచీ కేంద్రానికి వస్తున్న మనిషి.

"ఏం చూసినారు మేడమ్ ఆడ?"

మాధవీలత మంచం గురించి చెప్పింది. నేల కింది మిషన్ గురించి, ట్యాంకరు కోసం కాచుకున్న తల్లుల గురించి చెప్పింది. గదిలో ఆయన పుల్లన్నతో అన్న మాట మాత్రం చెప్పలేదు. అది గురువు భక్తులతో అన్న మాట కాదు. ఇంటి పెద్దతో చెప్పుకున్నది. దాన్ని బయటపెట్టే హక్కు తనకు లేదనిపించింది. దాచడం న్యాయమో కాదో కూడా తేలలేదు.

హేమావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కొడుకు తాగుడు మానేసింది ఆయన ఫోటో ముందర కూర్చునే. మీరు చూసింది మీ కాడే పెట్టుకోకుండా నాకెందుకు చెప్పినారు?" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆమె వెంట మరికొందరు పోయారు. తర్వాత వాళ్లు ఇంకోచోట కేంద్రం పెట్టుకున్నారు. మాధవీలత మేడ మీద కొద్దిమందే మిగిలారు. బజారులో ఎదురుపడితే హేమావతి పలకరిస్తుంది గానీ నిలబడదు. 

వానలు మొదలయ్యాక ఒకసారి ధర్మవరం పోయింది. మంజుల మగ్గం మీద నుంచి లేచి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "నాయన కూర్చునేది మానేసినాడక్కా. ఉత్తగా గోడను చూస్తా ఉంటాడు."

పుల్లన్న ఆమెను చూసి సంతోషపడ్డాడు. వణుకు ఎడమచేతికీ పాకింది.

"కండ్లు మూసుకుంటే ఆ పిల్లోడే కనపడతాడమ్మా" అన్నాడు. "అంత కొంపలో ఒక్కడే తిరుగుతా ఉంటాడు. ఫోన్ చేయించినా. ఎవరో తీసి, గురువుగారికి తెలియజేస్తాం అన్నారు. తెలియజేసినారో లేదో."

"మళ్లీ చేద్దామన్నా. ఈసారి నేను చేస్తా."

"చెయ్. రమ్మని చెప్పు. వచ్చేది రానిది ఆయన ఇష్టం."

మాధవీలత ఆయన పక్కన చాప మీద కూర్చుని ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ఆయన చేయి ఊగుతుంటే ఆమె చేయీ ఊగింది, కాసేపటికి భుజం కూడా. పక్కగదిలో మగ్గం మళ్లీ మొదలైంది. ఆమెకు నిశ్చలత ఏదీ రాలేదు. హేమావతి గుర్తొచ్చింది, తిప్పమ్మ గుర్తొచ్చింది, పిండి మరకు పోవాలన్న సంగతి గుర్తొచ్చింది. అయినా లేవాలనిపించలేదు. చాలాసేపు అలాగే ఊగుతూ కూర్చున్నారు.

"ఆకలవుతాంది" అన్నాడు పుల్లన్న కళ్లు తెరవకుండానే. "మంజులా, సంగటి అయిందా?"

"ఇంగా గెలకల్ల నాయనా" అని మగ్గం దగ్గర నుంచి జవాబొచ్చింది.

"నువ్వు నేస్తా ఉండు, నేను చూస్తాలే" అని మాధవీలత లేచి వంటింట్లోకి వెళ్లింది.