పొడుగాయనకి జానెడు సందు

మర్నాటికి ఇవ్వాల్సిన క్రీమ్ రంగు శాటిన్ బల్ల మీద పరిచి కత్తెర అందుకున్నానో లేదో, మా అత్తయ్య వచ్చి దాని మీద పాము కుబుసం పెట్టింది. టేపుతో కాస్త కొలిచి పెట్టమంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మనుషుల కొలతలకే దిక్కులేక చస్తుంటే పాముల కొలతలు కూడా నేనే తీయాలా అని అరిచాను. ఆవిడ చలించలేదు. కుబుసాన్ని చంటిబిడ్డలా రెండు చేతుల మీద ఎత్తుకుని, పెరటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, ద్వారబంధానికి ఆనించి పెన్సిల్‌తో గీత గీసుకుంది. అప్పటికే అక్కడ మూడు గీతలున్నాయి. ఎదిగే పిల్లలకి గోడ మీద గీస్తారే, అలా.

ఆ కుబుసం విడిచింది ఒక జెర్రిపోతు. విషం లేదు, ఎలకల్ని తింటుంది, మన జోలికి రాదు, ఇవన్నీ నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం? పాము పామే. అత్తయ్య దానికి పొడుగాయన అని పేరు పెట్టింది. పొడుగాయన ఇవాళ ఆలస్యంగా వచ్చారు అని ఇంటి పెద్దమనిషి గురించి చెప్పినట్టు చెప్పేది. మా ఆయన బస్సు డ్రైవరు. అంత బస్సునీ ఒంటిచేత్తో తిప్పే మనిషి, పొడుగాయన మాటెత్తితే చాలు, కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కునేవాడు.

నేను అరిచి ఊరుకోవడానికి కారణం ఒకటుంది. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చిన ఆవిడ ఆరు నెలల పాటు కిటికీ పక్క కుర్చీలోంచి కదల్లేదు. పెడితే తినేది, పిలిస్తే పలికేది, అంతే. ఒకరోజు టమాటా మొక్కల మధ్య ఆ పాము పోతుంటే కిటికీలోంచి చూసి, లేచి పెరట్లోకి నడిచింది. ఇక ఆ మర్నాటి నుంచి పెరడంతా ఆవిడదే. ఏ తొండ ఏ రాయి మీద ఎండ కాచుకుంటోంది, ఏ కప్ప కుళాయి కింద కాపురం పెట్టింది, అన్నీ సాయంత్రాలు నా మిషను పక్కన కూర్చుని చెప్పేది. ఆ చప్పుడులో సగం వినపడేవి కావు. అయినా ఆ గొంతు పక్కనుంటే నాకు పని తొందరగా సాగేది.

ఎండాకాలంలో ఉడతలు టమాటాల మీద పడ్డాయి. ఒక్కో పండూ ఒక్కో కొరుకు కొరికి వదిలేస్తే ఎవరికైనా కడుపు రగలదా? నైలాను వల తెచ్చి, ముక్కలు మిషను మీద జత చేసి, మొక్కల చుట్టూ గుడారంలా కట్టి, అడుగంచు మేకులతో నేలకి దిగ్గొట్టాను. అత్తయ్య చూసి, కుళాయి వైపు జానెడు సందు వదలమంది, పొడుగాయన అటునుంచే వస్తారట. సరేనని మాటిచ్చాను. వదిలాను కూడా.

కానీ ఇరవై ఏళ్లుగా అంచు మడవని గుడ్డ నా చేతిలోంచి బయటికి పోలేదు. కత్తిరించిన ఆ సందు దగ్గర అంచు వేలాడుతుంటే కంట్లో నలుసు పడ్డట్టుండేది. రెండో రోజు నీళ్లు పోయడానికి వెళ్లి, ఇంకేదో ఆలోచిస్తూ సూదీ దారం తెచ్చి, అంచు చక్కగా మడిచి రెండు వైపులా కలిపి కుట్టేశాను. సందు మూసుకుపోయిందన్న సంగతే నాకు తట్టలేదు. పైగా కుట్టు చూసుకుని మురిసిపోయాను.

నాలుగో రోజు పొద్దున పదింటికి అత్తయ్య పెరట్లోంచి కత్తెర తెమ్మని పిలిచింది. వెళ్లి చూస్తే పొడుగాయన వలలో ఇరుక్కుపోయి ఉన్నాడు. అలవాటైన దారి మూసి ఉంటే పక్క కన్నంలో తల దూర్చాడు. తల దూరింది, ఒళ్లు దూరలేదు. పెనుగులాడిన కొద్దీ దారాలు బిగుసుకున్నాయి. అత్తయ్య నేల మీద చతికిలబడి, తడి తువ్వాలు కప్పి అతని తల పట్టుకుంది. ఆవిడ చూపు మాత్రం నా కుట్టు మీదే ఉంది.

"జానెడే కదమ్మా అడిగాను" అంది.

నాలుగు తిట్టినా బాగుండేది.

ఆవిడకి దగ్గరి చూపు ఆనదు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, ఇంట్లో ఉన్నా ఒరగబెట్టేదేమీ లేదు. కత్తెర పెడితే ఒళ్లు తెగుతుంది. లోపలికి పరిగెత్తి, తప్పుపడిన కుట్లు విప్పుకునే చిన్న కొక్కెం తెచ్చాను. పామును ముట్టుకోవడం అదే మొదలు. చల్లగా ఉంటుందనుకున్నాను, ఎండకి వెచ్చగా ఉంది. వేళ్ల కింద ఊపిరి తెలుస్తోంది. ఒక్కో దారం ఎత్తి తెంపుతూ, ఉండు నాన్నా, అయిపోవచ్చింది అని ఎవరో బతిమాలుతుంటే విన్నాను. ఆ గొంతు నాదే. మెడకి జానెడు కింద ఒక దారం లోపలికి దిగిపోయింది. అది తీస్తే నెత్తురొచ్చింది. వదలగానే పొడుగాయన ఒళ్లీడ్చుకుంటూ గోడ పక్క రాళ్ల కుప్పలోకి పోయాడు.

బతుకుతాడా అని అడిగాను. అత్తయ్య తువ్వాలు ఉతికి ఆరేసి, లోపలికెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

మళ్లీ పెడితే తినడం, పిలిస్తే పలకడం. నేను వల అడుగంతా మోకాలెత్తున కత్తిరించేశాను. అంచు మడవలేదు. సాయంత్రాలు తొండల కబుర్లు నేనే చెప్పబోయాను. ఏ తొండ ఏదో నాకేం తెలుసు? ఆవిడ ఊ కొట్టేది. రోజూ పొద్దున్నే రాళ్ల దగ్గరికెళ్లి తొంగిచూసేదాన్ని. ఒక పాము బతికుండాలని నేను దేవుణ్ణి వేడుకుంటానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

నెల దాటాక ఒక పొద్దున రాళ్ల మీద కొత్త కుబుసం కనపడింది, ఇంకా కాస్త చెమ్మగా ఉంది. చిరక్కుండా తెచ్చి, బల్ల మీదున్న పట్టు గుడ్డని పక్కకి నెట్టి, నేనే పరిచాను. ఏడుపు ఆపుకుంటూ అత్తయ్యని పిలిచాను.

ఆవిడ వేళ్లు తల దగ్గర మొదలై మెల్లగా కిందికి జరిగి, జానెడు దూరంలో ఆగాయి. అక్కడ పొర ముడతలు పడి, హడావిడిగా అతికిన గుడ్డలా ఉంది.

"నావల్లే అత్తయ్యా" అన్నాను.

ఆవిడ చాలాసేపు వేలు అక్కడే ఉంచింది. "అతుకు బాగానే పడిందిలే" అంది.

ద్వారబంధం దగ్గర ఈసారి నేను స్టూలెక్కాను. పొడుగాయన పెరిగారా అని కింద నుంచి అడిగింది. పెరిగాడని చెప్పాలని, కుబుసాన్ని కొంచెం సాగదీశాను.

"లాగకు. లాగి కొలిస్తే తర్వాత బిగుతవుతుందని అందరికీ నువ్వేగా చెబుతావు."

లాగకుండా పెట్టాను. సరిగ్గా పోయినసారి గీత దగ్గరికే వచ్చింది. పెరగలేదు, తరగలేదు. ఆ పెన్సిల్ గీత మీదే నా నీలం మార్కింగ్ సుద్దతో ఇంకో గీత గీశాను.

ఆ సాయంత్రం ఆవిడ కుర్చీ ఈడ్చుకొచ్చి నా పక్కన వేసుకుని, కుళాయి కింద కప్ప ఇల్లు మారిందని మొదలుపెట్టింది. నేను మిషను ఆపేసి విన్నాను.