ఎడమ చేతి మాంత్రికుడు

తెర చిరుగును మైసయ్య తెల్లదారంతో కుడుతున్నాడు. మొన్నటి గాలికి డేరా గుంజ ఒరిగి, తెర కింది అంచు జానెడు మేర చీరుకుపోయింది. సరిగ్గా రాక్షసుడి పాదాలు వచ్చే చోటు. అక్కడ కుట్టు ఉబ్బెత్తుగా పడితే రాక్షసుడు కుంటివాడిలా కనబడతాడని మైసయ్య భయం. అందుకే కుట్టు కుట్టుకూ గోటితో అణచి, దారం కొస నాలుకతో తడిపి, కళ్ళు చికిలించి మళ్ళీ సూది గుచ్చుతున్నాడు.

చేతులు తెర మీద ఉన్నాయి గానీ చెవులు మాత్రం రోడ్డవతల హోటల్లో ఉన్నాయి. అక్కడి నుంచి నవ్వులు వినబడుతున్నాయి. బాలస్వామి మళ్ళీ మద్రాసు కథ ఎత్తుకున్నాడన్నమాట. మైసయ్య కడుపులో మంట లేచింది. ఈ మంట ఇవాళ్టిది కాదు, పదహారు రోజులది.

పాలమూరు స్టేషను వెనక ఖాళీ జాగాలో ఉన్న ఆ డేరా సినిమా రఘుపతి సేటుది. బాలస్వామి అందులో చాటింపు మనిషి. రోజూ సాయంత్రం జట్కా ఎక్కి, రేకు బాకా నోటికి పెట్టుకుని ఊరంతా తిరిగి ఆ రోజు బొమ్మ ఏదో చెప్పి వస్తాడు. ముప్పై అయిదేళ్ళ బొద్దుమనిషి, నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. మైసయ్యకు యాభై దాటాయి. సన్నని పిక్కలు, తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన అరచేతులు, ఎప్పుడూ తడిగానే ఉండే గోచీపంచె. నేల తడపడం, తాళ్ళు బిగించడం, ఆట నడిచినంతసేపూ తెర వెనక కూర్చుని బట్ట ఆరినచోటల్లా నీళ్ళు చల్లడం అతని పని. తడిగా ఉంటే బొమ్మ నిగనిగలాడుతుందని సేటు నమ్మకం. పదకొండేళ్ళలో మైసయ్య చూసిన ప్రతి బొమ్మా ఆ వెనక నుంచే చూశాడు. ముందు వైపుకు రమ్మని అతన్ని పిలిచినవాళ్ళు లేరు, వస్తానని అతను అడిగిందీ లేదు.

కోస్గి దగ్గర దొర గడీలో మూడు తరాలు వెట్టి చేసిన ఇల్లు అతనిది. ఒక అంగడి రోజున పెళ్ళాం నాగులమ్మ చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచి పాలమూరు చేరాడు. గుంజలు పాతే పని దొరికిన రోజే తెర మీద గుర్రం ఎగరడం చూశాడు. ఆ తరవాత మాంత్రికుణ్ణి చూశాడు. నల్లటి అంగీ, పైకి మెలితిరిగిన మీసం, నిండు కొలువులో రాజు ఎదుట నిలబడి తల వంచని మనిషి. దొర ముందు వంగి వంగి నడుము పట్టేసినవాడికి ఆ నిలబడడం చూసి ఒళ్ళు పులకరించింది. రాకుమారుడు చివరకు మాంత్రికుణ్ణి చంపిన ప్రతిసారీ అతనికి అన్నం సయించేది కాదు.

చూసిందాన్ని వాడలో చెప్పేవాడు. డేరాకు రాలేని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు పొద్దున్నే అతని గుడిసె ముందు చేరేవారు. గొంతు మార్చి, చెయ్యి తిప్పి, పాతాళగృహంలో ఎన్ని మెట్లున్నాయో లెక్కతో సహా చెప్పేవాడు. రజాకార్ల రోజుల్లో డేరా పది నెలలు మూతపడినప్పుడు పాలమూరులో సినిమా అంటే మైసయ్య నోరే. ఆ పది నెలల్లో అతను పస్తులైతే ఉన్నాడు గానీ చిన్నబోలేదు.

అట్లాంటివాడికి మద్రాసు దెబ్బ తగిలింది. ఫిల్ము డబ్బాలు మద్రాసులో కంపెనీకి చేతికందించి రమ్మని సేటు మొదట మైసయ్యకే చెప్పాడు. స్టూడియో కూడా చూపిస్తారని అన్నాడు. మైసయ్య క్షవరం చేయించుకున్నాడు. నాగులమ్మ జొన్నరొట్టెలు మూటకట్టింది. తెల్లారేసరికి సేటు మాట మారింది. చదువురానివాడు దారిలో ఏ స్టేషన్లో దిగిపోతాడో, బాలస్వామికి నాలుగు ముక్కలు వచ్చు గనక అతనే వెళ్ళాలన్నాడు. డబ్బాలు నెత్తిన మోసి రైలెక్కించింది మాత్రం మైసయ్యే. రొట్టెల మూట కూడా బాలస్వామికే ఇవ్వాల్సి వచ్చింది.

తొమ్మిది రోజులకు బాలస్వామి తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఈ పదహారు రోజులుగా వాడలో పొద్దుటి జనం అతని గుమ్మం ముందుకు మారిపోయారు. వాళ్ళతో నాగులమ్మ కూడా వెళ్ళింది. అది మైసయ్య గుండెలో ముల్లులా దిగింది.

కుట్టు ముగించి, దారం పంటితో తెంపి మైసయ్య హోటల్‌కు వెళ్ళాడు. బయట రాయి మీద కూర్చుని, చూరులో దోపి ఉన్న తన గ్లాసు తీసుకున్నాడు. లోపల బల్ల మీద బాలస్వామి, చుట్టూ పదిమంది.

"రాజమహల్ అంటిరి గదా, ముందట సూస్తె రాజమహలే. ఎనకకు పోతె ఏం లేదు. అట్టలు, ఎదురు బొంగులు, గంతే," అంటున్నాడు బాలస్వామి. "మాంత్రికుడు స్టూలు మీద కూసోని బీడీ తాగుతుండు. లెమ్మంటె లేసిండు. కుడిచెయ్యి గిట్ల ఎత్తి నిప్పు ఇసిరిండు. నా పానం జల్లుమన్నది."

మైసయ్య గ్లాసు కింద పెట్టాడు. పదహారు రోజుల్లో దొరకని పట్టు ఇవాళ దొరికింది.

"ఏ చెయ్యి అన్నవ్?"

"కుడిచెయ్యి, మైసన్నా."

"పదకొండేండ్ల సంది సూస్తున్న. మంత్రం ఏసేది ఎడమ చేత్తోటి. చేతబడి చేసేటోడు యాడనన్న కుడిచెయ్యి ఎత్తుతడా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాటలో న్యాయం ఉన్నట్టే ఉంది. రాకుమారుడి కత్తి ఏ చేతిలో ఉంటుందని ఒకడు అడిగితే, అదీ ఎడమ చేతిలోనే అన్నాడు మైసయ్య. మాంత్రికుడి మీదికి పోవాలంటే వాడి విద్యే నేర్వాలి గదా అన్నాడు. గోడల మీది బొమ్మల్లో కత్తి కుడిచేతిలో ఉండడం రంగులవాడి తప్పని కూడా తేల్చేశాడు. తెర మీద రాజులు ఎడమ చేత్తో భోంచేయడం అతనికి మొదట్లో వింతగానే ఉండేది. రాజుల తిండి రాజులదని సర్దుకున్నాడు.

"నువ్వు స్టూడియో సూడలే," అన్నాడు మైసయ్య నెమ్మదిగా, అందరికీ వినబడేట్టు. "అసలు మద్రాసే పోలే. డబ్బాలు గార్డుకు అప్పజెప్పి ముందటి స్టేషన్ల దిగినవ్. తొమ్మిది దినాలు అచ్చంపేటల అత్తగారింట్ల కోడికూర తిని వచ్చినవ్."

ఈ మాట అతను పదహారు రోజులుగా అంటున్నదే. ఇవాళ మాత్రం నవ్వు అతని వైపు తిరిగింది. బాలస్వామి మొహం ఎర్రబడింది. మూలబల్ల దగ్గర చాయ్ తాగుతున్న కొత్త మనిషి ఒకడు అచ్చంపేట పేరు వినగానే తలెత్తి చూశాడు. పోలీసు చర్య అయి రెండేళ్ళు కావస్తున్నా ఆ రోజుల్లో మిలిటరీ లారీలు ఊళ్ళ మీద తిరగడం ఆగలేదు. అచ్చంపేట అడవిలో కమ్యూనిస్టు దళాలున్నాయని, ఆ వైపు పోయొచ్చినవాళ్ళందరినీ ఆరా తీస్తున్నారు. గెలిచిన ఆనందంలో మైసయ్యకు ఆ మనిషి కనబడలేదు.

గెలుపు గట్టిపరచుకోవాలని మధ్యాహ్నం బొమ్మ ఆడించే మిషను గదికి వెళ్ళాడు. మిషను నడిపే ఇస్రాయేలు అద్దం తుడుస్తున్నాడు. మాటల పొదుపు మనిషి, అబద్ధం ఆడడని ఊరంతటికీ నమ్మకం. మైసయ్య అడిగింది విని అతను నవ్వలేదు. తెగిపోయిన ఫిల్ము ముక్క ఒకటి తీసి ఎండకు ఎదురుగా పట్టాడు. వేలెడు మాంత్రికుడు కుడిచెయ్యి ఎత్తి ఉన్నాడు.

"ఇది ముందట కూసున్నోళ్ళు సూసేది," అని ఇస్రాయేలు ముక్కను అటుది ఇటు తిప్పాడు. "ఇది ఎనకనుంచి నువ్వు సూసేది."

మాంత్రికుడి చెయ్యి ఎడమదైంది. ఇస్రాయేలు మళ్ళీ తిప్పాడు, కుడిదైంది. నాలుగోసారికి మైసయ్య చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

పదకొండేళ్ళు తలకిందులైనట్టయింది. వాడలో ఆడవాళ్ళ ముందు ఎడమ చెయ్యి తిప్పుతూ చెప్పిన కథలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సిగ్గునైనా ఓర్చుకునేవాడే. దాని వెనకాలే ఇంకో సంగతి తోచింది. అయితే బాలస్వామి నిజంగానే చూశాడు. ఆ అట్టల మహలు ముందు నిలబడ్డాడు. మాంత్రికుడు తాగిన బీడీ పొగ వాసన పీల్చాడు. పొద్దున్నదాకా అబద్ధమని సరిపెట్టుకున్న మంట ఇప్పుడు ఆపడానికి ఏ మాటా లేక ఒళ్ళంతా పాకింది.

"పోయి ఆయనకు జెప్పు," అన్నాడు ఇస్రాయేలు. "గా అచ్చంపేట మాట మంచిది గాదు, దినాలు బాగలేవు."

"చెప్త. జర పొద్దుగూకనీ," అన్నాడు మైసయ్య.

పొద్దు ఇంకా గూకలేదు. జట్కా సిద్ధమై, బాలస్వామి బాకా తీసుకుని కాలు పైకెత్తబోతుండగా డేరా ముందు లారీ ఆగింది. ఇద్దరు సిపాయిలు, ఒక హవల్దారు, వాళ్ళతో పాటు పొద్దున హోటల్లో చాయ్ తాగిన మనిషి దిగారు. హవల్దారు హిందీలో అడుగుతుంటే ఆ మనిషి తెలుగులో చెబుతున్నాడు. ఆ తొమ్మిది రోజులు ఎక్కడున్నావన్నది ప్రశ్న.

"మద్రాసు పోయిన సాబ్. సేటు పంపిండు."

సేటు హైదరాబాదు వెళ్ళాడు, ఎల్లుండి గానీ రాడు. టికెట్టు ముక్క దాచుకున్నవాడు కాదు బాలస్వామి. అటూ ఇటూ చూసి, నీళ్ళ తొట్టి దగ్గర నిలబడ్డ మైసయ్యను చూడగానే అతని మొహం తేటపడింది.

"మైసన్నా, నువ్వే గద రైలెక్కిచ్చింది. జర చెప్పు."

హవల్దారు మైసయ్య వైపు తిరిగాడు. అచ్చంపేట పోయిండని నువ్వేనట గదా అన్నది అని కొత్త మనిషి అడిగాడు.

మైసయ్య నోరు తెరిచాడు. మద్రాసు పోయిండు సాబ్, నాకు ఎరుకే, పొద్దున నేనన్నది తప్పు. అంతే చెప్పాలి. మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. సిపాయిలంటే భయం లేకపోలేదు గానీ, అతన్ని ఆపింది అది కాదు. హోటల్ ముందు పదిమంది నిలబడి వింటున్నారు. ఆ మాట అంటే బాలస్వామి స్టూడియో చూసినట్టు తన నోటితోనే ఒప్పుకున్నట్టు. తన ప్రయాణం, తన రొట్టెలు, తన మాంత్రికుడు అన్నీ అతనివని రాసిచ్చినట్టు.

"రైలెక్కిచ్చిన మాట నిజమే సాబ్," అన్నాడు. "యాడ దిగిండో నాకు ఎరుక లేదు."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కొత్త మనిషి దాన్ని హిందీలో చెప్పాడు. హవల్దారు తలాడించాడు. ఇస్రాయేలు మిషను గది మెట్లు దిగి వచ్చి, ఫిల్ము ముక్క ఊపుతూ ఏదో చెప్పబోతే సిపాయి అతన్ని వెనక్కి నెట్టాడు. బాలస్వామి మైసయ్యను ఒకసారి చూసి, బాకా జట్కా మీద పెట్టాడు. లారీ ఎత్తుగా ఉంది. ఎక్కలేక ఆయాసపడుతుంటే సిపాయి ఒకడు చెయ్యి అందించాడు.

ఒకరోజు కూర్చోబెట్టి వదిలేస్తారు, సేటు రాగానే మాట్లాడతాడు, కాస్త పొగరైనా దిగుతుంది అనుకున్నాడు మైసయ్య. ఆ సాయంత్రం చాటింపు లేకుండానే ఆట మొదలైంది. అతను తెర వెనక తన చోట కూర్చుని నీళ్ళు చల్లాడు. మాంత్రికుడు కొలువులోకి వచ్చి ఎడమచెయ్యి ఎత్తాడు. మైసయ్య కళ్ళు మూసుకుని దాన్ని కుడిచెయ్యిగా చూడబోయాడు. కుదరలేదు. ముందు వైపు జనం ఈలలు వేస్తున్నారు.

మూడోనాడు సేటు మిలిటరీ క్యాంపుకు వెళ్ళి వచ్చి, కుర్చీలో కూలబడి సంగతి చెప్పాడు. అచ్చంపేట దారిలో దళాలకు అన్నం పెట్టే ఇళ్ళు చూపించమని తీసుకుపోతుంటే బాలస్వామి లారీ దూకి ఉరికాడట, కాల్చారట. అడవి అంచునే పూడ్చేశారట. నాగులమ్మ విని, ఆయన ఎన్నడన్న ఉరికినోడా అంది. మైసయ్య రెండు బిందెల నీళ్ళు తెచ్చి నేల తడిపాడు, అప్పటికే తడిసిన నేలను.

వారం తరవాత బాలస్వామి పెళ్ళాం మారెమ్మ అతని బట్టలూ దుప్పటీ తీసుకుపోవడానికి డేరాకు వచ్చింది. లారీ ముందు ఎవరేమన్నారో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. పోతూ పోతూ తెర వెనకకు వచ్చి, కొంగుముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసింది.

"మైసన్నా, గిది నీది. మద్రాసు నుంచి నీకోసమనే తెచ్చిండు. మైసన్నకు మాంత్రికుడంటె పానం అని, గా వేషగాడు పీకి పారేస్తె అడుక్కొచ్చిండట. వచ్చిన దినమే నలుగుట్ల నువ్వు అబద్ధమంటివి. మైసన్న కోపం దిగినంక ఇస్తలే అని పెట్టెల దాసిండు."

ఆమె వెళ్ళిపోయింది. మైసయ్య పొట్లాన్ని తొట్టి గట్టు మీద పెట్టి విప్పాడు. సన్నటి వలగుడ్డకు ఒక్కొక్క వెంట్రుకగా కుట్టిన నల్లటి మీసం, రెండు కొసలూ పైకి మెలితిరిగి ఉన్నాయి, వెనక ఎండిన జిగురుకు ఎవరి పెదవి మీదిదో గులాబి రంగు ఇంకా అంటుకుని ఉంది.