మెడలోంచి తీసిన కార్డులు

పోచమ్మ చేసిన తప్పల్లా ప్రయాణికుల కుర్చీలో కూర్చోవడం. పొద్దుటి నుంచి నిలబడి మరుగుదొడ్లు కడిగిన మనిషి, కళ్లు తిరిగి కూలబడింది. కాంట్రాక్టరు మనిషైన సూపర్‌వైజర్ వరప్రసాద్ అందరూ చూస్తుండగా ఆమె మెడలోని గుర్తింపు కార్డు లాక్కున్నాడు.

"మళ్లీ కూర్చోనని కాగితం మీద వేలిముద్ర వేయండి. అప్పుడిస్తాను."

శంషాబాద్ విమానాశ్రయంలో కార్డు లేనిదే ఏ తలుపూ తెరుచుకోదు. కింది అంతస్తులో, కిటికీ లేని పనివాళ్ల గదిలో పోచమ్మ మూడు గంటలుగా చిక్కుకుపోయింది. భోజనం వేళకు ముప్పై మంది అక్కడికి చేరారు.

వాళ్లలో స్వరాజ్యం ఒకతి. రన్‌వే కింద పోయిన ఊళ్లో ఆమెకూ పోచమ్మకూ ఒకే గోడ. ఊరు ఖాళీ అయిననాడు చెరో లారీ ఎక్కారు. పదేళ్లకు మళ్లీ ఈ పనిలో కలిశారు.

"పని బందు పెడదాం. సంఘం కోసం త్యాగం చెయ్యాలె," అన్నాడు కార్మిక సంఘం పెద్ద దశరథం.

సామాన్లు మోసే కొండల్ చేతిలోని తత్వశాస్త్రం పుస్తకం ఊపుతూ నవ్వాడు. "కంపెనీ కోసం త్యాగం, దేశం కోసం త్యాగం, ఇగ సంఘం కోసమా? గవన్నీ మన నెత్తికెక్కిన దయ్యాలన్నా. నాకు మించింది ఏదీ లేదు. గీ పుస్తకంల గదే ఉంది."

ఎవరూ కదల్లేదు. అలసిన ఒంటికి ఆ మాట తియ్యగా ఉంది.

స్వరాజ్యం పుస్తకం అందుకుంది. దుకాణాల బోర్డులు చూసి చదువు నేర్చుకున్న మనిషి. పెదవులు కదుపుతూ వెనక పేజీల దాకా పోయింది.

"తమ్మీ, గుర్తుకు పెట్టిన బస్సు టికెట్ సగంలనే ఉంది. ఆడికే ఆగినవా?"

"టైమేడిదక్కా?"

"అయితే ఇను. గీ మాట పట్టుకున్న అరాచకవాదులు సర్కారుకే తల వంచలేదట. ఎవని మేలు కోసం వాడే వచ్చి జట్టు కట్టొచ్చట, వద్దంటే విడిపోవచ్చట. దయ్యాలకు లొంగొద్దంటివి. మరి వరప్రసాద్ పిలిస్తే సార్, సార్ అని ఉరుకుతవేంది?"

గది గొల్లుమంది. కొండల్ తల దించుకున్నాడు.

అంతలో వరప్రసాద్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. స్వరాజ్యం తన కార్డు తీసి ఆ కాగితం మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది? ఇక మీరూ బయటికి పోలేరు, తెలుసా?"

"ఎరుకే సార్. త్యాగం గాదు, నా కోసమే. రేపు కళ్లు తిరిగేది నాకు. ఈమెను ఇంకోసారి ఇడిసి బతకలేనిది నేను."

కొండల్ లేచాడు. "నా కోసం," అని కార్డు విసిరాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. చివరికి దశరథం, తడబడుతూ, "నా... నా కోసం."

మధ్యాహ్నం విమానాలు దిగాయి. పైన మరుగుదొడ్లు పొంగాయి. వరప్రసాద్ చేతిలో వాకీటాకీ అరుస్తూనే ఉంది. వేలిముద్ర అక్కర్లేదు, పనికి పొమ్మంటూ పోచమ్మకు కార్డు ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

"మాకు కుర్చీలెయ్యి ముందు."

సాయంత్రం పోలీసులు, పని ఆపించారంటూ స్వరాజ్యాన్నీ కొండల్‌నీ వ్యానెక్కించారు. స్వరాజ్యం వ్యాను కిటికీ జాలీలోంచి వెనక్కి చూసింది. పోచమ్మ ఇంకా ఆ కింది గదిలోనే ఉంది.

గేటు దగ్గర, వ్యాను ముందు, తుక్కుగూడ నుంచి వచ్చే బస్సు ఆగింది. రెండో షిఫ్టు ఆడవాళ్లు దిగుతున్నారు.

"ఏమైందక్కా?" వ్యానులో స్వరాజ్యాన్ని చూసి ఒకామె అడిగింది.

"పోచమ్మ కూసున్నది బిడ్డా!" జాలీలోంచే అరిచింది స్వరాజ్యం.

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. మెడల్లోంచి కార్డులు తీశారు. గేటు ముందు, వ్యానుకు అడ్డంగా, కాళ్లు చాపుకుని కూర్చున్నారు.