జిడ్డు

శ్రీరాంపూర్ కాలనీలో మొదటి షిఫ్టు సైరన్ మోగేలోపే శంకరవ్వ చాయ్ పెట్టేది. కొడుకు సుధాకర్‌కు టిఫిన్ కట్టేది. తర్వాత సబ్బుతో చేతులు రుద్దుకునేది. కడుపులో ప్రేమ పొంగితే ఆమె అరచేతుల్లో నూనె ఊరుతుంది. పక్కింటి పాప నవ్వినా చేతిలో చెంబు నిలవదు.

ఆ చేతుల వల్లనే కాలనీలో ఒక మాట పుట్టింది. సీరియల్ చూసి ఏడ్చేవాళ్లను, బదిలీ మీద పోయేవాణ్ని పట్టుకొని వదలనివాళ్లను "జిడ్డు పడకు" అని ఆపేవాళ్లు. బడిలో తెలుగు చెప్పే విజయేందర్ సారు ఒకనాడు, "సంస్కృతంల స్నేహమంటే నూనె గూడ, పెద్దమ్మా. గీ మాట నీతోని కొత్తగ పుట్టలే," అన్నాడు. శంకరవ్వ మురిసింది. ఆయనకిస్తున్న చాయ్ గ్లాసు జారింది.

కోడలు మమతారాణికి ఆ చేతులు గిట్టవు. "జర దూరముండు అత్తమ్మా, చీరకు మరకైతది," అనేది. శంకరవ్వ దూరంగానే మసిలేది.

ఎండాకాలంలో మమతారాణికి ఆడపిల్ల పుట్టి, ఊపిరి పీల్చకుండానే పోయింది. మమతారాణి ఏడవలేదు. తల దువ్వుకోలేదు. వానలు పడేనాటికి జుట్టంతా ఒకటే ముద్దయింది. ఎవరు చెయ్యి వేసినా విదిలించేది. మొగనితో మాటలు ఆగిపోయాయి. చివరికి భైంసా నుంచి తండ్రి సారయ్య కారు మాట్లాడుకొని వచ్చాడు.

"తోల్కపోత. మళ్ల పంపుడు కష్టమే," అన్నాడు. సుధాకర్ లోపలికి పోయాడు.

మమతారాణి సంచీతో మెట్ల మీద కూర్చుంది. శంకరవ్వ వచ్చి వెనక కూర్చుంది.

"ముట్టన్నా, బిడ్డా?"

మమతారాణి పక్కకు జరగలేదు.

శంకరవ్వ వేళ్లు చిక్కుల్లోకి పోయాయి. నూనె నుదుటి మీదికి, మెడ మీదికి, చీర మీదికి కారింది. ఒక చిక్కు విడింది, మరొకటి విడింది. సారయ్య డ్రైవర్‌ను చాయ్‌కి పంపాడు. పొద్దెక్కేసరికి జుట్టు నడుం మీదికి జారింది.

"దానికి గూడ గిట్లనే ఒత్తు జుట్టుండె, అత్తమ్మా," అంది మమతారాణి. "నేనొక్కదాన్నే చూసిన."

లోపలి నుంచి సుధాకర్ వచ్చాడు. "నేను గూడ చూసిన. మట్టి చేసేటప్పుడు నెత్తి నిమిరిన," అన్నాడు.

"నాకు చెప్పలే."

"నువ్వు అడగలే."

మమతారాణి అప్పుడు ఏడ్చింది. సుధాకర్ ఆమె పక్కన కూర్చున్నాడు. సారయ్య కారును వట్టిగానే పంపించి, చెప్పులు విడిచి ఇంట్లోకి వచ్చాడు.