ముక్తేశ్వరం వాక్కాయ కంచె

కోనసీమలో వాక్కాయను పప్పులో వేస్తారు, పచ్చడి నూరుతారు, అంతకుమించి పట్టించుకోరు. ముళ్ళున్నాయి కాబట్టి కొబ్బరితోటకు కంచెగా వదిలేస్తారు. 2006లో ఆ పొదల్లో ఎన్ని రకాలున్నాయో తేల్చే పని నా నెత్తిన పడింది. ముప్పై ఊళ్ళు తిరిగి ఆకులు కోశాను. ముక్తేశ్వరంలో తగిలినంత మొండి మనుషులు ఇంకెక్కడా తగల్లేదు.

అక్కడ రెండు తోటల మధ్య నలభై మూడు పొదల కంచె. ఇటు రామ్మూర్తి, అటు సుబ్రహ్మణ్యేశ్వరరావు. వరసకు బావాబావమరుదులు. నాటినవాడిదే కంచె, దాని కింది నేలా వాడిదే అని ఇద్దరి వాదన. పదకొండేళ్ళుగా అమలాపురం కోర్టులో కొట్టుకుంటున్నారు. కోర్టు స్టే ఇచ్చింది కాబట్టి ఎవరూ కొమ్మ కూడా విరవలేదు.

నేను పొదలకు నంబరు రేకులు కడుతుంటే రామ్మూర్తి కత్తి పట్టుకుని వచ్చాడు.

"ఎవరు పంపేరండీ మిమ్మల్ని? మా బావగారేనా?"

"యూనివర్సిటీ నుంచండీ. ఆకులు పరీక్ష చేస్తే ఏ పొదకు ఏది పిల్లో తెలుస్తుంది."

ఆ ముక్క అనకుండా ఉండాల్సింది. ఆయన కత్తి దించాడు.

"అయితే మా నూతి దగ్గర పొద గింజలే మా నాన్నగారు నాటేరండీ. అదే రాసిచ్చెయ్యండి."

సాయంత్రానికి సుబ్రహ్మణ్యేశ్వరరావు తన పెరటి ఆకులు సంచిలో తెచ్చాడు. "ఆయ్, ఇది మా తాతగారి మొక్కండీ. మీ పేరేమన్నారు? రెబెకా గారా?" అని ఒకడుగు వెనక్కి జరిగాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా సంచి అందుకున్నాను.

ఫలితం చూశాక ఆ మంట చల్లారింది. ముప్పై ఊళ్ళలో దొరికిన తేడాల్లో సగానికి పైగా ఆ ఒక్క కంచెలోనే ఉన్నాయి. పద్నాలుగో నంబరు పొద కాయ తియ్యన, గింజలు రెండే. వానలు పడగానే కొమ్మలు కోసి అంట్లు కట్టుకోవాలి. అంతవరకూ కంచె నిలబడితే చాలు.

మే నెలలో వెళ్ళి ఇద్దరికీ చెప్పాను.

"మీ రెండు పెరళ్ళతోనూ వీటికి చుట్టరికం లేదండీ. ఎవరూ నాటలేదు. పిట్టలు తిని వేసిన గింజలు. జూన్ దాకా ముట్టుకోకండి, దణ్ణం పెడతాను."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పిట్టలదంట, బావగారూ."

"ఆయ్."

మొదటి వాన పడిన మర్నాడే కత్తెర, తడి గోనెపట్టా పట్టుకుని దిగాను. కంచె లేదు. సిమెంటు స్తంభాలు, ముళ్ళతీగ ఉన్నాయి. బూడిదలో నా నంబరు రేకులు కనిపించాయి. బావలిద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"రండి రెబెకా గారూ!" రామ్మూర్తి మొహం వెలిగిపోతోంది. "మీ ధర్మమా అని తగువు తీరిపోయిందండీ. ఎవరిదీ కానప్పుడు కొట్టుకోడమెందుకని కేసు తీసేసుకున్నాం. నేల చెరిసగం."

టీ తెప్పించారు. వాళ్ళకు స్టీలు గ్లాసుల్లో, నాకు కాగితం కప్పులో. ఆ టీ వాళ్ళ గుమ్మంలోనే పారబోసి బస్సెక్కాను.

పదకొండేళ్ళు ఆ కంచెను కాపాడింది వాళ్ళ పగే. నేను పోయి ఆ తగువు తీర్చాను.