పక్క సీట్లో మా ఆయన

కారు కొనాలన్నది నా ముచ్చట. పండుమిరప రంగుదే కొనాలన్నది నా మొండితనం. మాకు దగ్గర్లో ఉన్న షోరూముల్లో అన్నీ తెల్లవీ, బూడిద రంగువీ. "ఆ రంగు కావాలంటే చాలా రోజులు ఆగాలి మేడమ్" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ బట్టలు కుడుతున్నదాన్ని, రంగు విషయంలో సర్దుకుపోవడం నా వల్ల కాదు. ఫోన్ల మీద ఫోన్లు చేసి, తెల్లవారుజామున రైలెక్కితే ఎండెక్కాక చేరే నగరంలో ఒకటుందని పట్టుకున్నాను. నాకు నచ్చిన పండుమిరప రంగు గుడ్డముక్క ఒకటి సంచిలో వేసుకెళ్ళి బానెట్ మీద పరిచి చూశాను. పోగంత తేడా లేదు. సేల్స్ అమ్మాయి నన్ను వింతగా చూసింది. చూస్తే చూడనీ.

ఈ కారు నా కుట్టు మిషను సంపాదించి పెట్టింది. డ్రైవింగు నేర్చుకున్నదీ నేనే, లైసెన్సు వచ్చిందీ నాకే. కానీ మా ఆయన ఇంతవరకూ ఒక్కసారైనా నేను నడిపే బండి ఎక్కలేదు. మా చెల్లెలి కారులో అలా తిప్పి తీసుకొస్తానంటే ఒకరోజు మోకాలు నొప్పి, ఇంకోరోజు తలనొప్పి. అసలు సంగతి నాకు తెలుసు. ఆయన రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపాడు. ఇంకొకరి చేతిలో స్టీరింగు ఉంటే ఆయన ప్రాణం గిలగిల్లాడుతుంది. అందులోనూ పెళ్ళాం చేతిలో! ఊరంతా నన్ను మెచ్చుకోనక్కర్లేదు. ఈ ఒక్క మనిషి నా పక్కన కూర్చుని, నేను నడుపుతుంటే ఇంటిదాకా రావాలి. అందుకే బయల్దేరే ముందే ఒప్పందం చేసుకున్నాను, దారి పొడుగునా నేనే నడుపుతానని.

"అలాగే" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

షోరూములో ఫొటో కోసం అట్టతో చేసిన బారెడు తాళంచెవి తెచ్చి మా చేతుల్లో పెట్టారు. చెవుల దాకా నవ్వుతూ ఫొటో దిగాను. అట్ట తాళంచెవి నా చేతిలో ఉండగానే మా ఆయన అసలు తాళంచెవి తీసుకుని, డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దాలు సర్దుకుంటున్నాడు.

"ఏమండీ! ఏంటిది?" ఒంటికాలి మీద లేచాను.

"సిటీ ట్రాఫిక్కే. కొత్త బండి. ఊరు దాటించి నీకిచ్చేస్తాలే."

ఊరు దాటింది. "ఆ వంతెన దాటనీ" అన్నాడు. వంతెన దాటింది. "ముందు లారీ ఉంది చూడు, దాన్ని దాటనీ." లారీ కూడా వెనకబడ్డాక, "ఎండ కళ్ళలో పడుతోంది, నీకలవాటు లేదు" అన్నాడు. ఆయనకేదో ఎండ మేనత్త కొడుకైనట్టు! మూతి ముడుచుకుని కిటికీ వైపు తిరిగాను. ఎన్నాళ్ళుగానో కలగన్న కొత్త సీట్ల వాసన ముక్కుకే ఎక్కలేదు. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

ఒక చిన్న టౌను మొదట్లో కారు నెమ్మదైంది. పక్కకి తిరిగి, తాడు పట్టి కొలిచినట్టు బస్టాపు ముందు ఆగింది. టీ తాగడానికేమో అనుకున్నాను. మా ఆయన రోడ్డు వైపే చూస్తూ తాపీగా కూర్చున్నాడు. బస్టాపులో నిలబడ్డ నర్సు షేరు కారనుకుందేమో, వంగి లోపలికి తొంగిచూసింది.

"రైలు గేటు దాకా వెళ్తుందాండీ?"

"వెళ్తుంది, వెళ్తుంది. త్వరగా ఎక్కాలి. లోపలికి జరగండి, లోపలికి!" అన్నాడు మా ఆయన, తల కూడా తిప్పకుండా.

నేను నోరు వెళ్ళబెట్టాను. నర్సు ఎక్కింది. ఆమె వెనకే గొడుగు పట్టుకుని బట్టతల పెద్దాయన, ఆయన వెనకే చంటిబిడ్డతో ఒకావిడ. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కరకరలాడాయి. తలుపు పడింది, బండి కదిలింది.

"ఏమండీ."

"ఊఁ."

"వీళ్ళెవరు?"

అద్దంలోకి చూశాడు. అప్పుడు తెలిసింది మహానుభావుడికి. చెవులు ఎర్రబడ్డాయి.

"బస్టాపు కనబడితే చెయ్యి దానంతటదే తిరిగిందే" అని నసిగాడు.

నా కోపం ఎటు పోయిందో ఏమో, పొట్ట పట్టుకుని నవ్వాను. వెనకవాళ్ళకి సంగతి చెబితే వాళ్ళూ పగలబడి నవ్వారు.

"అయ్యో, మమ్మల్ని ఇక్కడే దింపెయ్యండి బాబూ" అన్నాడు పెద్దాయన, నవ్వాపుకుంటూ.

"ఎక్కించుకున్నవాళ్ళని మధ్యలో దింపడం నా సర్వీసులో లేదండీ" అన్నాడు మా ఆయన పౌరుషంగా. ఆ మాట వినగానే నాకో ఉపాయం తట్టింది.

ఎన్నో ఏళ్ళు ఈయనకి డిపోకి భోజనం క్యారియరు మోశాను. అక్కడ డ్యూటీ ఎలా మారుతుందో నాకు తెలుసు. తర్వాతి డ్రైవరు వచ్చి తలుపు పక్కన నిలబడి "డ్యూటీ" అంటాడు. అంతే. స్టీరింగు ముందున్నవాడు ఎంతటివాడైనా బండి అప్పజెప్పి దిగాల్సిందే. ప్రయాణికుల ముందు వాదనే ఉండదు.

తర్వాతి బస్టాపు దగ్గర కూడా ఆ చెయ్యి దానంతటదే తిరిగింది. అక్కడ ఎక్కేవాళ్ళెవరూ లేరు. నేను దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, డ్రైవరు తలుపు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాను.

"డ్యూటీ!"

మా ఆయన చెయ్యి తువ్వాలు అందుకుంది. నీళ్ళ సీసా అందుకుంది. తలుపు తీసుకుని కిందికి దిగాడు. "బ్రేకు పదునుగా ఉంది, హారను బాగుంది, వెనక ముగ్గురూ రైలు గేటుకే" అని గడగడా అప్పజెప్పాడు. అప్పజెప్పాక గానీ ఏం చేశాడో ఆయనకే తెలియలేదు. అప్పటికే నేను సీట్లో ఉన్నాను.

"ఇది అన్యాయమే!"

"ఆలస్యమవుతోంది, ఎక్కండి సార్" అంది వెనక నుంచి నర్సు.

ఎక్కాడు. సీటు ముందుకి జరుపుకుని బయల్దేరాను. ఆయన ఒక చేత్తో పైనున్న పిడి పట్టుకున్నాడు. కుడికాలు అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

రైలు గేటు ముందు రోడ్డు ఎత్తుగా ఉంది. ఆ ఎక్కుడులోనే గేటు పడింది. వెనక ఒక వ్యాను వచ్చి ఆనుకున్నట్టే ఆగింది. రైలు వెళ్ళింది, గేటు లేచింది, నేను క్లచ్ వదిలాను. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. వెనక్కి జారబోయింది. వ్యాను వాడు హారను మోగించాడు. మా ఆయన నోరు తెరిచాడు.

"ఒక్క మాటన్నా మీరు దిగి నడిచి రావాలి" అన్నాను.

తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాడు. నేను హ్యాండ్ బ్రేకు లాగి, మళ్ళీ స్టార్టు చేసి, మిషను పెడల్ మీద పాదం ఆనించినట్టు యాక్సిలరేటరు మీద మెల్లగా ఆనించాను. బండి పట్టు దొరకబుచ్చుకుంది. హ్యాండ్ బ్రేకు వదిలాను. పట్టాలు దాటి అవతలికి దిగింది. బిడ్డ తల్లి బిడ్డ చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించింది.

గేటు దాటాక ముగ్గురూ దిగారు. నర్సు నా కిటికీ దగ్గరకొచ్చి, "డ్రైవరమ్మా, హాయిగా తీసుకొచ్చారు" అని చెప్పి వెళ్ళింది.

కారు ఖాళీ అయింది. నేను వెంటనే కదపలేదు. ప్రయాణికులు లేరు కాబట్టి నా డ్యూటీ నాటకమూ ముగిసినట్టే. ఇప్పుడాయన "ఇక ఇటివ్వు" అంటే నా పప్పులుడకవు. ఇల్లు ఇంకా చాలా దూరం. అడుగుతాడనే అనుకున్నాను. స్టీరింగుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

మా ఆయన వెనక్కి తిరిగి ఖాళీ సీటు చూశాడు. తలుపులు సరిగ్గా పడ్డాయో లేదో చూశాడు. తన కిటికీ అద్దం దించాడు. చెయ్యి బయటపెట్టి తలుపు మీద రెండు దెబ్బలు చరిచి గట్టిగా కేకేశాడు.

"రైట్ రైట్!"

అది కండక్టరు మాట. వెనక నుంచి ఆ కేక వినబడితే బస్సు కదిలించడమే ఈయన బతుకంతా చేసింది. తను మాత్రం ఎప్పుడూ, ఎవరికీ ఆ మాట చెప్పలేదు.

నాకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఎంత సంతోషమో చెప్పలేను. గేరు వేసి బండి కదిలించాను.

"ఏడిస్తే ఏడువు గానీ, రోడ్డు మీంచి కళ్ళు మాత్రం తీయకు" అన్నాడు.

తీయలేదు. ఇల్లు చేరేదాకా తీయలేదు.